నొక్కినన్ని లారీలు

ఆ రోజు ఉదయం భూతద్దమనే మనిషి వేసుకున్న పథకంలో పెద్ద వంకరలేమీ లేవు. మధ్యాహ్నం భోజనాల వేళకల్లా ఆఫీసు పని ముగించుకోవాలి. పూట సెలవు పెట్టి ఇంటికి రావాలి. అత్తగారి ఎదుట నిలబడి ‘తప్పయిందండీ’ అనాలి. మూడింటిలోనూ కష్టమైనది మూడోదే కాబట్టి మొదటి రెండింటి గురించి అతను ఆలోచించనే లేదు.

భూతద్దమన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, ఆఫీసువాళ్ళు పెట్టింది. తోటివాళ్ళు వెబ్‌సైట్లను నడిపించే జావాస్క్రిప్టు కోడ్‌లో చేసిన మార్పులను చదివి, అవి అన్ని బ్రౌజర్లలోనూ ఒకేలా నడుస్తాయో లేదో తేల్చి, ‘సరే’ అనో ‘కాదు’ అనో చెప్పడం అతని ఉద్యోగం. కొత్త ఫోన్లో పరిగెత్తినది పాత ఫోన్లో కుంటుతుంది. ఒక బ్రౌజరు తలాడించిన మాటకు ఇంకో బ్రౌజరు మొహం తిప్పుకుంటుంది. ఒక కడుపున పుట్టినవాళ్ళకే ఒకరి మాట ఒకరికి ఎక్కని లోకంలో ఇదేం వింత కాదు గాని, ఆ తేడాలు పట్టడంలో అతనికి సాటి లేరు. చిక్కల్లా ఏమిటంటే, సాయంత్రం ఇంటికి బయల్దేరేటప్పుడు ఆ కన్నును ఆఫీసులో వదిలిపెట్టి రావడం అతనికి చేతకాదు. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడ గడియారం వంకర కనిపిస్తుంది. చుట్టాలు పసిబిడ్డను చేతికందిస్తే, ఎత్తుకుని అటూ ఇటూ తిప్పి, “కుడిచెవి కాస్త పైకుంది కదూ?” అంటాడు.

అతనూ భార్యా కాపురముంటున్నది అత్తగారింట్లో. ఇల్లరికమని ఎవరూ పైకి అనలేదు. అనకపోయినా తెలుస్తూనే ఉంటుంది. అత్తగారు రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఆవిడకు వెనకవీధిలో ఇంకో చిన్న ఇల్లుంది. అందులో అద్దెకున్నవాళ్ళు ఈ మధ్యనే ఖాళీ చేశారు. ముందురోజు సాయంత్రం ఆవిడ తాళంచెవి అల్లుడి చేతిలో పెట్టి, “ఓసారి చూసి రా నాయనా. ఎలా ఉందో చెప్పు,” అంది. అతను టార్చిలైటు కూడా పట్టుకెళ్ళాడు. తిరిగొచ్చి నిలబడే అప్పగించాడు.

“గేటు నేలకు గీసుకుంటోందండీ, ఎత్తి జరపాలి. వంటింటి కిటికీ తెరిస్తే పక్కవాళ్ళ గోడ మొహానికి తగులుతుంది. స్నానాలగదిలో నీళ్ళు తూము వైపు పోవు, గుమ్మం వైపు వస్తాయి. మెట్లలో ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఎవరు కట్టారో గాని...”

కట్టించింది ఆవిడ భర్త. ఇప్పుడు లేడు. ఉన్న రోజుల్లో ఎండలో గొడుగేసుకుని దగ్గరుండి మరీ కట్టించాడు.

“మంచిదండీ,” అంది అత్తగారు. “మీరు చాలా శ్రమపడ్డారు. వెళ్ళి పడుకోండి.” అల్లుణ్ణి ఏనాడూ ‘మీరు’ అనని మనిషి. బడి నడిపిన రోజుల్లో కూడా ఆవిడ ఒక పిల్లవాడికి గౌరవమిచ్చి మాట్లాడిందంటే వాడి తండ్రిని పిలిపించినట్టే లెక్క.

పొద్దున్నే భార్య అందుకుంది. ఆవిడ నర్సు, రాత్రి డ్యూటీ చేసి అప్పుడే వచ్చింది. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది.

“అమ్మ రాత్రి ముద్ద ముట్టలేదట. పక్కింటావిడ చెప్పింది. పోయిన మనిషి కట్టిన మెట్లు కొలిచొచ్చారా మీరు?”

“ఎలా ఉందో చెప్పమంటేనే కదా చెప్పాను.”

“బాగుందని ఒక ముక్క చెబితే మీ సొమ్మేం పోయేది? చూడండి, ఇటు మీరూ అటు ఆవిడా, మధ్యలో నేను నలిగి చస్తున్నాను. సాయంత్రంలోగా ఆవిడకు తప్పయిందని చెప్పండి. లేదంటే వేరే ఇల్లు చూడండి, పోదాం.”

“ఇప్పటికిప్పుడు ఇల్లెక్కడ దొరుకుతుందే?”

“దొరకదు కాబట్టే తప్పయిందని చెప్పమంటున్నాను,” అని ఆవిడ గదిలోకి పోయి దుప్పటి ముసుగుతన్నింది.

అతను చొక్కా బొత్తాలు పెట్టుకుంటుండగా ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. చేసింది ఎక్స్‌ప్రెస్. కోడ్ రాయడంలో ఆవిడ వేగం చూసి ఆఫీసువాళ్ళే పెట్టిన పేరది. “గురువుగారూ, కొంప మునిగింది. మనం పరీక్షలకు వాడే పాత ఫోన్ బ్యాటరీ ఉబ్బి, వెనక డొప్ప ఊడి బల్ల మీద పడి ఉంది. ఇవాళే నా మార్పు బయటికి పోవాలి. పాత బ్రౌజర్లో చూడకుండా మీరు సరే అనరు. పోనీ ఈ ఒక్కసారికి...”

“ఈ ఒక్కసారికి అన్నవాళ్ళంతా తరవాత నా బల్ల దగ్గరికే వచ్చి ఏడ్చారు,” అన్నాడు భూతద్దం. అంటూండగానే అలమరలో అత్తగారి ఫోన్ కనిపించింది. అచ్చం అలాంటిదే, అంత పాతదే. కొత్తది కొనిస్తామంటే ఆవిడ, “ఇది బాగానే ఉందిగా, నేనే పాతబడ్డాను,” అనేది. దానికి తాళమూ లేదు. దాచుకోవలసినవేం లేవని ఆవిడ వాదన.

అడిగి తీసుకోవచ్చు. ఆవిడ మేడ మీద మొక్కలకు నీళ్ళు పోస్తోంది. కాని తప్పయిందన్న మాట చెప్పకుండా ఫోనివ్వండన్న మాట ఎలా చెప్పడం? ఆ మాటా ఈ మాటా ఒకేసారి చెబితే ఫోన్ కోసమే తప్పొప్పుకున్నట్టుంటుంది. మధ్యాహ్నానికి తెచ్చి పెట్టేద్దాంలే, ఆవిడ చూసేలోపు ఉన్నచోటే ఉంటుంది అనుకున్నాడు. జేబులో వేసుకుని గుమ్మం దాటాడు.

ఎక్స్‌ప్రెస్ మార్పు చేసిన సైటును వాళ్ళ ఆఫీసు చేసిపెట్టింది ఇళ్ళు మారేవాళ్ళకు లారీలు పంపే ఒక కంపెనీకి. పేరూ చిరునామా ఇచ్చి ‘ఇప్పుడే పంపండి’ అన్న బటన్ నొక్కితే, మూటలు కట్టి మోసే మనుషులతో సహా లారీ వచ్చి గుమ్మం ముందు నిలుస్తుంది. ఎక్కడికి వెళ్ళాలో రాయకపోయినా ఫరవాలేదు, డ్రైవరుకు నోటితో చెప్పుకోవచ్చు. ఇందులో ఒక మెలికుంది. ఆఫీసులో పరీక్ష కోసం చేసే బుకింగులు కూడా లారీల కంపెనీకే చేరతాయి. పేరు గడిలో ‘పరీక్ష’ అని ఉన్నవాటిని అక్కడ ఫోన్ల దగ్గర కూర్చునే ఆవిడ పక్కన పారేస్తుంది. మొదట్లో ఎవరో తాత్కాలికంగా చేసిన ఏర్పాటది. చేసినవాడు ఉద్యోగం మానేశాడు, ఏర్పాటు మానలేదు.

“నా మార్పు చిన్నదే,” అంది ఎక్స్‌ప్రెస్, కుర్చీ అతని పక్కకు లాక్కుంటూ. “జనం కంగారులో రెండేసిసార్లు నొక్కేస్తున్నారు. ఇప్పుడు ఒక్కసారి నొక్కగానే బటన్ బూడిదరంగుకు తిరుగుతుంది, ఇంక నొక్కినా పలకదు. కొత్త ఫోన్లలో గుర్రంలా ఉంది.”

“గుర్రాన్ని రోడ్డు మీద చూసి కొనకూడదమ్మా, గుంతల్లో చూడాలి.”

“చూడండి, చూడండి. మీరు చూడని గుంత ఈ ఆఫీసులో ఏముంది?”

అతను అత్తగారి ఫోన్లో పేజీ తెరిచాడు. పేరు గడిలో ‘పరీక్ష’ అని కొట్టాడు. నొక్కాడు. పేజీ రెప్ప వేసినట్టు ఒక్కసారి తెల్లబడి మళ్ళీ వచ్చింది. బటన్ నీలంగానే ఉంది. భూతద్దం కళ్ళు మెరిశాయి. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ రెప్ప, మళ్ళీ నీలం. ఇంకోసారి. నమ్మకం కుదరడానికి మరొక్కసారి.

“చూశారా? ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లూ పలుకుతోంది! మీరు వాడిన పద్ధతి సరికొత్తది. పాత బ్రౌజరుకు ఆ మాట తెలియదు. తెలియని మాట ఒక్కటి తగిలిందంటే అది మీ కోడంతా చదవడం మానేసి అలిగిన పెద్దమనిషిలా గోడవైపు తిరిగి కూర్చుంటుంది. అరవదు, కరవదు. ఫారం మాత్రం పాతకాలపు దారిన నేరుగా వెళ్ళిపోతుంది, పేజీ మళ్ళీ కొత్తగా తెరుచుకుంటుంది.”

చెప్పిందంతా నిజమే. కాని అంతసేపూ అతను చూసింది బటన్ని. పై గడుల వంక కన్నెత్తలేదు. పేజీ కొత్తగా తెరుచుకున్న ప్రతిసారీ ఆ ఫోన్, ఆవిడ ఎప్పుడో మందుల షాపుకిచ్చిన పేరునూ ఇంటి చిరునామానూ నంబరునూ గుర్తుపెట్టుకుని, అడగకుండానే గడుల్లో నింపేస్తోంది. మొదటి నొక్కుడు ‘పరీక్ష’ పేరున పోయి చెత్తబుట్టలో పడింది. తరవాతి మూడూ హెడ్మిస్ట్రెస్ గారి పేరున పోయాయి.

కాసేపటికి ఆ ఫోన్ మోగింది. ఎవరిదో తెలియని నంబరు. అత్తగారికి వచ్చిన ఫోన్ అల్లుడెత్తితే అదో రామాయణం. నొక్కేశాడు. మళ్ళీ మోగింది, మళ్ళీ నొక్కేశాడు. మూడోసారికి నోరు నొక్కి సొరుగులో పడేశాడు. అవతల లారీల కంపెనీ ఆవిడకు ఇలాంటివి అలవాటే. ఇల్లు మారే గోలలో ఫోనెవరెత్తుతారు? ఒకే ఇంటికి మూడు బుకింగులున్నాయంటే సామాను బోలెడుందన్నమాట. మూడు లారీలకూ వెళ్ళమని చెప్పేసింది.

తరవాత ఇంట్లో జరిగింది అతను సాయంత్రానికి గాని పూర్తిగా తెలుసుకోలేదు. ఇద్దరాడవాళ్ళ నోట రెండు రకాలుగా విని, కలిపి కుట్టుకున్నాడు.

లారీ హారను విని నిద్రకళ్ళతో తలుపు తీసింది భార్య. గుమ్మంలో తలపాగా చుట్టుకున్న మేస్త్రీ, వెనకాల తాళ్ళూ గోనెపట్టాలూ పట్టుకున్న మనుషులు.

“పెద్దమ్మగారి పేరున బుకింగుందమ్మా. సామాను ఎక్కించాలి. ముందు ఏ గది?”

“ఎవరి పేరున?”

మేస్త్రీ ఫోన్ చూసి మళ్ళీ చదివాడు. సందేహం లేదు, తల్లి పేరే. మేడ మీద మొక్కల దగ్గరున్న తల్లిని పిలిచి ‘ఏమిటే ఇది?’ అని ఒక్క మాట అడిగి ఉంటే గొడవ అక్కడితో పోయేది. కాని ఆ తల్లీకూతుళ్ళకు అడగడమంటే తల తీసినట్టే. అన్నీ తమకు తామే అర్థం చేసుకుంటారు. రాత్రి అల్లుడన్న మాటకు తెల్లారేసరికి లారీ పిలిచిందన్నమాట, మొహం మీద పొమ్మనడానికి నోరు రాక.  కూతురు వెంటనే మొగుడికి ఫోన్ చేసింది.

“ఏవండీ, అమ్మ ఏం చేసిందో తెలుసా మీకు?”

భూతద్దం అప్పుడు ఎక్స్‌ప్రెస్‌తో మంచి వాదనలో ఉన్నాడు. ఆవిడేమో, ఇంత పాత ఫోన్లు ఈ రోజుల్లో ఎవరు వాడతారని అడుగుతోంది. “ఏం చేసినా పెద్దావిడ,” అన్నాడతను ఫోన్లోకి. “నువ్వు ఎదురు చెప్పకు.”

“ఎదురు చెప్పొద్దా?”

“ఒక్క మాట అనకు. ఆవిడ ఎలా అంటే అలా కానివ్వు.”

“అంటే మీకిది సమ్మతమే?”

“తప్పు మన దగ్గర పెట్టుకుని ఇంకేం మాట్లాడతాం? వచ్చి నేను చూసుకుంటాను, సరేనా?”

 “సరే,” అంది భార్య. ఆ ‘సరే’ ఎలాంటిదో బటన్ని చూసినంత శ్రద్ధగా విన్నవాడికి తెలిసేది. అతను ఫోన్ పక్కన పెట్టి, “ఇంట్లో గాలివాన తగ్గింది,” అన్నాడు ఎక్స్‌ప్రెస్‌తో, తృప్తిగా.

అత్తగారు మెట్లు దిగి వచ్చేసరికి ఒక మనిషి అల్లుడి పుస్తకాల బీరువాను వీపున మోసుకుని గుమ్మం దాటుతున్నాడు. వెనక కూతురు పరుపు చుట్ట కడుతోంది, తలెత్తడం లేదు. పొద్దుటి నుంచీ ఇల్లంతా వెతికినా ఫోనెందుకు దొరకలేదో ఆవిడకు అప్పుడర్థమైంది. తను ఏ చెల్లెలికో మరిదికో చెప్పి పోకుండా ఆపిస్తుందని, ఫోన్ కూడా మాయం చేశారు. లారీ ముందే మాట్లాడుకుని ఉంటారు. అందుకే నిన్న ఆ ఇంటికి అన్ని వంకలు పెట్టాడు.

“మేస్త్రీ,” అంది ఆవిడ, ప్రార్థన వేళ బడి మొత్తానికి వినిపించిన గొంతుతో. “ఆ పరుపొక్కటే పట్టుకెళ్తే ఎలా? ఆ పందిరి పట్టెమంచం కూడా వాళ్ళకోసం చేయించిందే. ఎక్కించు.”

“మాకొద్దు,” అంది కూతురు మేస్త్రీతో. “ఆవిడ సొత్తు ఒక్క చెంచా కూడా వద్దని చెప్పండి.”

“నేనేం చేసుకుంటాను, ఒంటిదాన్ని? ఆ కుర్చీలూ ఎక్కించు.”

“దించండి ఆ కుర్చీలు!”

“ఎక్కించు!”

మేస్త్రీ మనుషులు కుర్చీలు పట్టుకుని గుమ్మంలో ఊయలూగినట్టు లోపలికీ బయటికీ ఊగారు. ఈ లోపల రెండో లారీ వచ్చి వీధి మలుపులో ఆగింది. “కంగారు పడకండమ్మా, మూడోది కూడా దారిలో ఉంది,” అన్నాడు మేస్త్రీ, ఇద్దరికీ ధైర్యం చెబుతున్నాననుకుని. కన్నతల్లి మూడు లారీలు పెట్టి వెళ్ళగొడుతోందని కూతురు కళ్ళు తుడుచుకుంది. గుమ్మాలు కూడా పీక్కుపోతారు కాబోలని తల్లి ముక్కు చీదింది. పక్కింటావిడ ప్రహరీ మీద మోచేతులు ఆనించి, కదలకుండా చూస్తోంది.

ఆఫీసులో ఎక్స్‌ప్రెస్ ఫోన్ మోగింది. లారీల కంపెనీలో ఫోన్ల దగ్గరావిడ. ఎక్స్‌ప్రెస్ అందరికీ వినపడేలా పెట్టింది.

“మీ సైటులో ఏదో తిరకాసుందమ్మా. ఒకావిడ ఇంటికి మూడు బుకింగులొచ్చాయి. మూడు బళ్ళూ పంపాను. మేస్త్రీ ఏమో సామాను ఒకటిన్నర బండికి కూడా రాదంటున్నాడు. పైగా తల్లి ఎక్కించమంటే కూతురు దించమంటోందట. మధ్యలో మా మనుషులు ఏడుస్తున్నారు.”

భూతద్దం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఉద్యోగంలో ఇంతటి ఆనందం అతనికి అరుదు. “విన్నారా? విన్నారా ఎక్స్‌ప్రెస్ గారూ? పాత ఫోన్లు ఎవరు వాడతారన్నారు కదూ! ఎవరో పెద్దావిడ, పాపం, ఒకసారికి మూడుసార్లు నొక్కి ఉంటుంది. తల్లీకూతుళ్ళకు తగువు కూడా పెట్టేసింది మన బటన్. ఇంతకంటే సాక్ష్యమేం కావాలి? అమ్మా, ఆ చిరునామా చెప్పండి, నా అభిప్రాయంలో రాసి పెడతాను.”

ఆవిడ చెప్పింది. నీళ్ళ ట్యాంకు వెనక రెండో వీధి, మూలమీది ఇల్లు, మేడ మీద మొక్కలుంటాయి. అతను ఒక్కొక్క మాటా టకటకా కొట్టాడు. కొట్టినదాన్ని అలవాటు కొద్దీ మొదటి నుంచీ చదివి సరిచూసుకున్నాడు. అక్షరదోషాలేమీ లేవు. అప్పుడు కూర్చున్నాడు.

“గురువుగారూ,” అంది ఎక్స్‌ప్రెస్ నెమ్మదిగా. “ఇది మీ ఇల్లు కదూ?”

“మా అత్తగారిది,” అన్నాడు. అంత కష్టంలోనూ సరిదిద్దకుండా ఉండలేకపోయాడు.

సొరుగు లాగి ఫోన్ తీశాడు. దాని నిండా లారీల కంపెనీ నంబరే. పేజీ ఇంకా తెరిచే ఉంది, గడుల్లో అత్తగారి పేరు నిక్షేపంగా ఉంది. “అమ్మా, ఆపెయ్యండి! ఆ బుకింగులు రద్దు చెయ్యండి! నొక్కింది నేనే.”

“బుక్ చేసినవాళ్ళ ఫోన్ నుంచి చెబితేనే ఆపుతాం బాబూ.”

అత్తగారి ఫోన్ నుంచి చేశాడు. “ఇదిగో, ఆ ఫోనే.”

“మీరు ఆవిడేనా?”

“అల్లుణ్ణి.”

“అదీ సంగతి!” అంది ఆవిడ. “అత్తగారు లారీ పిలిస్తే అల్లుడు ఆపమంటాడు. ఇలాంటివి ఎన్ని చూళ్ళేదు! మీ ఇళ్ళల్లో గొడవల్లో మేం వేలు పెట్టం బాబూ. ఆవిడకివ్వండి ఫోను.”

అతను సంచి కూడా తీసుకోకుండా పరిగెత్తాడు. బస్సు వాళ్ళ వీధి మొదట్లోనే ఆగిపోయింది, ముందు మూడో లారీ అడ్డంగా వెనక్కి తిరుగుతోంది. దిగి నడిచాడు. మొదటి లారీ పైన, తాళ్ళ మధ్య, తన చదువుకునే బల్ల నాలుగు కాళ్ళూ ఆకాశానికెత్తి పడుకుని ఉంది. దాని పక్కన భార్య కుట్టుమిషను. ఇల్లు ఖాళీ చెయ్యాలంటే నెల పడుతుందని ఎప్పుడూ అనుకునేవాడు. చూస్తే, కోపమొక్కటుంటే పూట చాలు.

భార్య అరుగు మీద ఒక చివర, అత్తగారు ఇంకో చివర. మధ్యలో కుర్చీలు పట్టుకున్న మనుషులు. అతన్ని చూడగానే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు.

“వచ్చారా? చూసుకోండి మీ అత్తగారి నిర్వాకం!”

“రండి, రండి. ఫోన్ కూడా పట్టుకెళ్ళారు కదా, ఇంకేం మిగిలిందో చూసుకోండి.”

భూతద్దం ఆ ఫోన్ తీసి అత్తగారి ఎదుట రెండు చేతులా పట్టుకున్నాడు. “తప్పయిందండీ,” అన్నాడు. పథకం ప్రకారం అనవలసిన మాటే, కాని అనుకున్నదానికంటే ఎన్నో రెట్లు పెద్ద తప్పుకు అనవలసి వచ్చింది. ఆఫీసు ఫోన్ పాడవడం, ఈ ఫోన్ అడగకుండా తీసుకెళ్ళడం, పేజీ రెప్ప వెయ్యడం, గడులు వాటంతటవే నిండడం, అన్నీ చెప్పాడు. మోసేవాళ్ళు కూడా కుర్చీలు దించి, వాటిలోనే కూర్చుని విన్నారు.

“ఆగండి,” అంది భార్య. “అంటే ఈ లారీలు అమ్మ పిలవలేదు?”

“లేదు.”

“అంటే, మీరిద్దరూ పోతున్నామని పిలిపించుకున్నవీ కావు?” అంది అత్తగారు.

“కావండీ. ఎవరూ ఎక్కడికీ పోవడం లేదు. అంతా నా వల్లే. మేస్త్రీ, దించేద్దాం, నేనూ ఒక చెయ్యి వేస్తాను.” గుండెలమీద బరువు దిగిందన్నట్టు అతను చొక్కా చేతులు పైకి మడిచాడు.

ఎవరూ కదలలేదు. తల్లి కూతురి మొహం చూసింది, కూతురు తల్లి మొహం చూసింది. ఆ మొహాల్లో సంతోషం కోసం భూతద్దం వెతికాడు. ఎంత వెతికినా చిక్కలేదు.

“అమ్మా,” అంది కూతురు చివరికి. “నిజం చెప్పనా? ఏడుస్తూనే సర్దాను గాని... సగం సర్దేసరికి ప్రాణం తేలికపడింది. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటే, నువ్వు రేడియో పెట్టుకోకుండా గోడలు పట్టుకు తిరుగుతావు, నాకు చప్పుడవుతుందని. నీ ఇంట్లో నువ్వు దొంగలా తిరగడం చూడలేక నాకు నిద్రే పట్టదు.”

“నేనూ చెప్పనా?” అంది తల్లి. “ఆ బల్ల పోయాక ఆ గదిలోకి ఎండ ఎంత బాగా వచ్చిందనుకున్నావు! మీరే అనాలని ఎదురుచూస్తున్నాను. నేనంటే వెళ్ళగొట్టినట్టుంటుంది.”

“నేనంటే వదిలేసి పోయినట్టుంటుంది.”

“అందుకే కదే, ఇతన్ని వెనకవీధి ఇల్లు చూసి రమ్మన్నాను. ఎలా ఉందో చెప్పమన్నాను. నచ్చితే మీరే ఉంటామంటారని.”

భూతద్దం నోరు తెరిచాడు. “నేను అద్దెకివ్వడానికి అనుకున్నానండీ. వచ్చేవాళ్ళు ఏ వంకలు పెడతారో ముందే చూడమన్నారేమోనని...”

“వాళ్ళు పెట్టలేని వంకలు కూడా పెట్టావు కదయ్యా నువ్వు!”

“మీరు ఉండమని ఒక్క మాట అనుంటే...”

“అంటే ఏం చేసేవాడివి?”

అతను నిజాయితీగా ఆలోచించాడు. “అప్పుడు కూడా గేటు సంగతి చెప్పేవాణ్ణి,” అన్నాడు.

పక్కింటావిడ ప్రహరీ మీంచి, “చెప్పేవాడే,” అని సాక్ష్యం పలికింది.

మేస్త్రీ లేచి తలపాగా దులుపుకున్నాడు. పొద్దుటి నుంచీ ఆ అరుగు మీద మోసిందే మోసి అతని ఓపిక అడుగంటింది. “అమ్మా, ఇద్దరూ కలిసి ఒక్క మాట చెప్పండి. ఎక్కించమంటారా, దించమంటారా?”

“ఎక్కించు!” అన్నారు తల్లీకూతుళ్ళు. ఆ రోజు వాళ్ళిద్దరూ కలిసి అన్న మొదటి మాట అది.

అలా ఇల్లు మారడం ఆపడానికి పరిగెత్తుకొచ్చిన మనిషి పట్టెమంచానికి ఒక కోడు పట్టుకుని వెనకవీధికి నడిచాడు. ఒక లారీ నిండింది, రెండోది సగం నిండింది. మూడోది ఖాళీగా తిరిగిపోబోతుంటే అత్తగారు ఆపించి, డ్రైవరు పక్కన సీటులో ఎక్కి కూర్చుంది. ఆ వీధికి నడిస్తే ఎంతో దూరం లేదు. అయినా సరే, బడి వార్షికోత్సవానికి వెళ్తున్నట్టు చీర చెంగు సర్దుకుని, వీధి పొడుగునా కనిపించిన ప్రతివాళ్ళకూ తలాడిస్తూ వెళ్ళింది. “మా పిల్లలు కొత్తింట్లోకి వెళ్తున్నారు,” అని కిటికీలోంచి చెబుతూ.

గేటు దగ్గర మంచం ఇరుక్కుంది.  అందరూ భూతద్దం వంక చూశారు. అతను గేటును రెండు చేతులా పైకెత్తి పట్టుకుని, మంచం లోపలికి పోయేదాకా పళ్ళబిగువున ఒక్క మాట మాట్లాడలేదు. అల్లుడి జీవితంలో అదే అతి కష్టమైన పనని గ్రహించి అత్తగారు దగ్గరికొచ్చింది.

“ఎలా ఉంది నాయనా ఇల్లు?” అంది.

అతను హాలు మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు. భార్య వంటింటి గుమ్మంలోంచి కళ్ళతో బెదిరిస్తోంది. “గాలి బాగా వస్తుందండీ,” అన్నాడు. ఆవిడ మొహం విప్పారింది. మనసారా నవ్వింది. ఆ గాలి మూసుకోని కిటికీ సందులోంచి వస్తోందన్న ముక్క అతని నాలుక చివరిదాకా వచ్చింది. భార్య చెంబుతో నీళ్ళందించింది. నీళ్ళతో పాటు దాన్నీ మింగేశాడు.

ఇంకా మూటలు విప్పకముందే జేబులో ఫోన్ మోగింది. ఎక్స్‌ప్రెస్.

“ఇంట్లో అంతా కుదుటపడిందా గురువుగారూ?”

“కుదుటపడింది. వేరే ఇంట్లో.”

ఆవిడకు అర్థమయ్యేలా చెప్పడానికి కొంతసేపు పట్టింది. విన్నాక చాలాసేపు నవ్వింది. తరవాత గొంతు సవరించుకుని, ఇంత మేలు జరిగాక ఇంకా పట్టుబడతారా అన్నట్టు మెల్లగా అడిగింది. “మరి నా మార్పు సంగతి ఏమన్నారు? సరే అన్నట్టా, కాదన్నట్టా?”

“కాదు.”

“కారణమేమని పెట్టమంటారు?”

భూతద్దం విప్పని పరుపు చుట్ట మీద కూర్చుని ఒక్క క్షణం ఆలోచించాడు.

“నొక్కిన ప్రతిసారీ పనిచేస్తోందని పెట్టండి.”